జోసన్ కొరియా నాణేలు: సెజోంగ్ కాలంలో చెల్లనివి సుక్‌జోంగ్ కాలంలో ఎలా చెల్లాయి?

చరిత్రదాహం:

అందరికీ నమస్కారం. కొంతకాలంగా జోసన్ రాజ్యపు ఆర్థిక చరిత్ర చదువుతున్నాను. ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు.

సెజోంగ్ రాజు 1423లో రాగి నాణేలు పోయించాలని నిర్ణయించి, 1425లో ‘జోసన్ తోంగ్‌బో’ను చలామణిలోకి తెచ్చాడు. కొరియన్ లిపిని రూపొందించిన రాజు ఆయనే. భూమి శిస్తు మార్చే ముందు 1430లో రాజ్యమంతటా అడిగించి లక్షా డెబ్బై వేల మందికి పైగా జనం అభిప్రాయం రాబట్టిన రాజు కూడా ఆయనే. అంతటి పాలకుడు పట్టుబట్టి తెచ్చిన నాణేలు ఇరవై ఏళ్లలో మూలపడ్డాయి. 1445లో మళ్లీ పాత కాగితపు డబ్బునే బయటికి తీయాల్సి వచ్చింది.

1678లో ‘సాంగ్‌ప్యోంగ్ తోంగ్‌బో’ వచ్చింది. అప్పటి రాజు సుక్‌జోంగ్‌కు నిండా ఇరవై ఏళ్లు లేవు. ఆ నాణెం మాత్రం రెండు వందల ఏళ్లకు పైగా నిలిచింది.

తేడా ఎక్కడుంది? పాలకుడి గొప్పతనంలో లేదన్నది స్పష్టం. మరి దేనిలో ఉంది? తెలిసినవారు చెప్పండి.

నాణేలసంచి:

నా సమాధానం ఒక్కటే: రాగి.

పదిహేనో శతాబ్దంలో కొరియా తన గనుల నుంచి తీసుకున్న రాగి చాలా తక్కువ. కావలసిన దానిలో ఎక్కువ భాగం జపాన్ నుంచి వచ్చేది. ఆ కొద్ది రాగి కోసం ఆయుధాలు, గిన్నెలు పళ్లేలు, అచ్చు అక్షరాలు పోటీ పడేవి. సెజోంగే 1420లో ఒకసారి, 1434లో మరోసారి లోహపు అచ్చు అక్షరాలు పోయించాడు. పుస్తకానికీ నాణేనికీ ఒకే రాగి కావాలి. ఇక నాణెంగా చెల్లేదానికంటే కరిగించి అమ్మితే ఎక్కువ వస్తుందనుకోండి, జనం కరిగించక ఏం చేస్తారు?

1678 నాటికి పరిస్థితి మారింది. జపాన్ రాగి ఎగుమతులు బాగా పెరిగాయి. త్సుషిమా దీవి పాలకుల చేతుల మీదుగా ఆ రాగి బుసాన్ దగ్గరి జపనీయుల వర్తక స్థావరానికి చేరేది. ఆ స్థావరాన్ని ఇరుకైన పాత చోటి నుంచి విశాలమైన చోర్యాంగ్‌కు మార్చింది కూడా సరిగ్గా 1678లోనే. ముడిసరకు లేకుండా ఏ రాజూ టంకశాల నడపలేడు.

లెక్కలమాస్టారు:

రాగి కొరతను నేనూ ఒప్పుకుంటాను. అయితే మొత్తం కథ దాని మీదే నిలబడుతుందంటే ఒప్పుకోలేను. రాగి అక్కరలేని డబ్బు కూడా అక్కడ చెల్లలేదు కదా! 1402లో తేజోంగ్ రాజు మల్బరీ బెరడు కాగితం మీద డబ్బు అచ్చు వేయించాడు. ఒక్కో కాగితానికి రెండు మాల్‌ల (మాల్ అక్కడి ధాన్యపు కొలత) బియ్యం అని ధర కట్టాడు. మరుసటి ఏడే దాన్ని ఆపేశారు, 1410లో మళ్లీ తెచ్చారు. విలువ మాత్రం జారుతూనే పోయింది.

సెజోంగ్ చేసిన పని ఒకసారి చూడండి. బియ్యంతోనూ గుడ్డతోనూ కొనుగోళ్లు ఆపి నాణేలే వాడాలని ఆజ్ఞ ఇచ్చాడు. మీరినవారికి జరిమానాలు వేశారు, ఆస్తి జప్తు చేస్తామన్నారు. 1425లో తోలు చెప్పులు కుట్టే ఒక పనివాడు చెప్పులిచ్చి బియ్యం తీసుకుంటూ పట్టుబడ్డాడు. జరిమానా కట్టే దారి లేక చెట్టుకు ఉరి వేసుకున్నాడు. రాజు ఈ వార్త విని ఎంతో బాధపడి, వసూలు చేసిన సొమ్ము ఆ కుటుంబానికి తిరిగి ఇప్పించాడని రాజదర్బారు దినచర్యల్లోనే రాసి ఉంది. అది చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. రాజు మంచివాడే, ఆజ్ఞ మాత్రం ఒక పేదవాడి ప్రాణం తీసింది.

ఇంతకీ ఆ పనివాడు నాణేలు ఎందుకు వాడలేదు? అతనికి కావలసింది బియ్యం. నాణెం తీసుకుంటే దాన్ని తిరిగి తీసుకునేవారు ఎవరు? రైతు తీసుకోడు, ఎందుకంటే రైతు భూమి శిస్తు బియ్యంలో కట్టాలి. మిగతా పన్ను తేనె, చేప, కాగితం, తోలు, చాప లాంటి సరకుల రూపంలో కట్టాలి. కొన్ని చిన్న పన్నులూ జరిమానాలూ నాణేల్లో తీసుకున్నారు గానీ, అసలైన పెద్ద వసూళ్లన్నీ సరకులోనే సాగాయి. తాను పుచ్చుకోని నాణేన్ని జనం పుచ్చుకోవాలని రాజ్యం అడిగింది. గండి పూడ్చకుండా చెరువులోకి నీళ్లు తోడటమే అది.

నాణేలసంచి:

>> అసలైన పెద్ద వసూళ్లన్నీ సరకులోనే

ఇది బలమైన మాట, మాస్టారూ. కానీ వెనక్కి తిప్పి చూడండి. చాలినన్ని నాణేలు దేశంలో లేనప్పుడు పన్ను నాణేల్లో కట్టమని ఎలా అడుగుతారు? ముందు రాగి రావాలి, తర్వాతే పన్ను. వరుస అదే అని నా నమ్మకం.

చరిత్రదాహం:

ఇద్దరికీ ధన్యవాదాలు. జోసన్‌కు ముందున్న గోర్యో రాజ్యంలో కూడా నాణేలు వచ్చాయని చదివాను. ఆ అనుభవం సెజోంగ్ కాలపు మంత్రులకు తెలియదా?

పొలంగట్టు:

తెలుసు. వాళ్లు దాని గురించి చర్చించుకున్నారు కూడా. గోర్యోలో 996లో సోంగ్‌జోంగ్ రాజు ఇనుప నాణేలు పోయించాడు. ఆరేళ్లకే, 1002లో, తర్వాతి రాజు మోక్‌జోంగ్ వెనక్కి తగ్గాడు. టీ దుకాణాల్లో, సారా దుకాణాల్లో, అన్నం పెట్టే చోట్ల నాణేలు వాడండి, మిగతా కొనుగోళ్లకు మీ ఊరి అలవాటు ప్రకారం గుడ్డో బియ్యమో వాడుకోండి అన్నాడు. నాకు ఆ ఆజ్ఞ నచ్చుతుంది. ఓడిపోయామని తెలుసుకుని ఎవరినీ శిక్షించకుండా సర్దుకున్న రాజు అతను.

తర్వాత 1101లో గోర్యో సుక్‌జోంగ్ (ఇతను వేరే సుక్‌జోంగ్) ఒక గున్ బరువున్న వెండితో చిన్న కూజా ఆకారంలో డబ్బు చేయించాడు. మరుసటి ఏడు పదిహేను వేల గ్వాన్ల (గ్వాన్ అంటే వెయ్యి నాణేల దండ) ‘హేడోంగ్ తోంగ్‌బో’ నాణేలు పోయించి అధికారులకూ సైనికులకూ పంచాడు. రాజు తమ్ముడైన బౌద్ధ గురువు ఉచోన్ చైనా వెళ్లి అక్కడి నాణేల వాడకం చూసివచ్చి, మన దగ్గరా కావాలని గట్టిగా వాదించాడు. వెండి కూజాల్లో కొందరు రాగి కలపడం మొదలుపెట్టారు, వాటి విలువ పడిపోయింది. పైగా అంత ఖరీదైన డబ్బుతో రైతుకు ఏం పని?

సువోన్‌వాసి:

ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా సువోన్‌లో ఉంటున్నాను. ఈ చర్చ చూసి చాలా సంతోషం కలిగింది. మీరంతా రాజుల పేర్లు చెబుతున్నారు గానీ, నాకు ఈ కథలో ముఖ్యుడు కిమ్ యుక్ అనే మంత్రి. 1580లో పుట్టి 1658లో చనిపోయాడు. యువకుడిగా ఉన్నప్పుడు రాజధానిలోని విద్యాపీఠం వదిలేసి గాప్యోంగ్ కొండల్లో సుమారు పదేళ్లు సొంతంగా పొలం దున్ని, బొగ్గు కాల్చి అమ్ముకుని బతికాడు. పన్ను కట్టడం అంటే ఏమిటో పేదవాడి వైపు నుంచి తెలిసిన మంత్రి ఆ దర్బారులో ఇంకెవరున్నారో నాకు తెలియదు.

మాస్టారు చెప్పిన సరకు పన్ను ఎంత దారుణమైనదో వివరిస్తాను. ప్రతి జిల్లా రాజధానికి ఫలానా సరకు పంపాలని లెక్క ఉండేది. ఆ జిల్లాలో ఆ సరకు పండకపోయినా, దొరకకపోయినా పంపాల్సిందే. అప్పుడు దళారులు దిగేవారు. ‘మీ బదులు మేం కడతాం, తర్వాత మాకు ఇవ్వండి’ అనేవారు. రాజధాని గుమాస్తాలతో కుమ్మక్కై, రైతు నేరుగా తెచ్చిన సరకు నాణ్యత లేదని తిప్పి పంపించేవారు. ఆఖరికి రైతు అసలు ధరకు ఎన్నో రెట్లు దళారికి కట్టేవాడు.

దీన్ని తొలగించడానికి వచ్చింది డేడోంగ్ పద్ధతి. సరకుల బదులు భూమి కొలత ప్రకారం బియ్యం కట్టాలి. చివరికి స్థిరపడిన రేటు గ్యోల్‌కు (గ్యోల్ అక్కడి భూమి కొలత) 12 మాల్‌లు. కొండ ప్రాంతాలవారు గుడ్డలో కట్టవచ్చు, తర్వాత నాణేల్లో కూడా కట్టవచ్చు. రాజ్యం ఆ బియ్యంతో తనకు కావలసిన సరకులు ప్రత్యేక గుత్తేదారుల ద్వారా బజారులో కొంటుంది. 1608లో రాజధాని చుట్టూ ఉన్న గ్యోంగీ ప్రాంతంలో మొదలైంది. భూస్వాములు ఎంత అడ్డుపడ్డారంటే, హ్వాంగ్‌హే ప్రాంతానికి చేరేసరికి 1708 వచ్చింది. నిండా నూరేళ్లు!

కిమ్ యుక్ 1651లో చుంగ్‌చోంగ్ ప్రాంతంలో దీన్ని అమలు చేయించాడు. అదే సమయంలో నాణేల కోసం కూడా పోరాడాడు. రాయబారిగా చైనా వెళ్లివస్తూ అక్కడి నాణేలు కొని తెచ్చి, ప్యోంగాన్ ప్రాంతంలో వాడి చూద్దామన్నాడు. ఆ ప్రయత్నం 1656లో ఆగిపోయింది. రెండేళ్లకు ఆయన పోయాడు. చివరి రోజుల్లో కూడా జొల్లా ప్రాంతానికి డేడోంగ్ విస్తరించాలని రాజుకు రాశాడు.

మా ఊరికి దగ్గర్లోని ప్యోంగ్‌తెక్‌లో 1659లో నిలిపిన శిలాశాసనం ఇప్పటికీ ఉంది. చుంగ్‌చోంగ్‌లో డేడోంగ్ అమలైనందుకు దాన్ని పెట్టారు. పక్కనే ఊరి ఇళ్లు, దారిన పోయే జనం. ఒక పన్ను తగ్గినందుకు రాయి నాటుకున్న జనాన్ని తలచుకుంటే నాకు కిమ్ యుక్ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

లెక్కలమాస్టారు:

సువోన్‌వాసి గారూ, నేను చెప్పదలచిన దానికి కావలసిన ఆధారమంతా మీరే ఇచ్చారు. నాణెం 1678లో చెల్లడానికి భూమిని 1608 నుంచే దున్నుతున్నారు. రాజ్యం సరకుల వసూలు మానేసి, బియ్యం పట్టుకుని బజారుకు వెళ్లి కొనడం మొదలుపెట్టాక, హాన్‌యాంగ్‌లో (నేటి సియోల్) గుత్తేదారులు, వాళ్లకు సరకు అమ్మే పనివాళ్లు, వాళ్లకు అప్పులిచ్చే వర్తకులు పుట్టుకొచ్చారు. వాళ్లందరికీ బియ్యం బస్తాలు మోయడం కంటే నాణేల దండ మేలు.

1670, 1671 సంవత్సరాల్లో వచ్చిన ఘోరమైన కరవును కూడా మరవకండి. ఖజానా ఖాళీ అయింది. 1678 ఆరంభంలో ప్రధానమంత్రి హో జోక్, ఆయన తర్వాతి స్థానంలోని ‘ఎడమ మంత్రి’ క్వోన్ డే-ఉన్ నాణేల ప్రతిపాదన తెచ్చినప్పుడు దర్బారులో పెద్దగా అడ్డు రాలేదు. ఆర్థిక శాఖతో పాటు కరవు సహాయ కార్యాలయానికీ, సైనిక దళాలకూ నాణేలు పోసే అనుమతి ఇచ్చారు. ఏడు కార్యాలయాలు మొదట్లో ఈ పని చేశాయి. 400 మున్‌లకు (మున్ అంటే ఒక నాణెం) ఒక న్యాంగ్ తూకం వెండి, 40 మున్‌లకు ఒక మాల్ బియ్యం అని ధర నిర్ణయించారు. జరిమానాలు నాణేల్లోనే కట్టమన్నారు, ఖైదీల విడుదల సొమ్మూ అంతే, డేడోంగ్‌లో కొంత భాగాన్నీ నాణేల్లో పుచ్చుకున్నారు.

బజారు ఆ అధికారిక ధరను లెక్కచేయలేదన్నది నిజం. తొలి రెండేళ్లలోనే నాణెం విలువ బాగా పడింది. కానీ ఈసారి జనం నాణేన్ని వదిలేయలేదు. ధర పడినా అది కట్టడానికి పనికొచ్చేది కాబట్టి.

కోటబురుజు:

బజారు సంగతి మీరెవరూ సరిగా తడమలేదు. పన్నుల కంటే ముందే కెసోంగ్ వర్తకులు నాణేలు వాడుతున్నారు. 1640ల నాటికే ఆ ఊళ్లో నాణెం మామూలు విషయం. ఏ రాజూ వాళ్లను బలవంతపెట్టలేదు. ఊళ్లలో ఐదు రోజులకోసారి జరిగే సంతలు పదిహేడో శతాబ్దంలో విపరీతంగా పెరిగాయి. జపాన్ వెండి, కొరియా జిన్‌సెంగ్, చైనా పట్టు చేతులు మారేవి. అంత వ్యాపారం జరుగుతున్న దేశంలో నాణెం రాకుండా ఉంటుందా? రాజ్యం చేసిందల్లా ఆలస్యంగా తలుపు తీయడమే.

లెక్కలమాస్టారు:

కెసోంగ్ ఒక ఊరు, పాత గోర్యో రాజధాని, వర్తకుల కోట. ఆ ఊరి నాణెం ముప్పై ఏళ్లపాటు ఆ చుట్టుపక్కలే ఉండిపోయింది. దాన్ని దేశమంతటికీ చేర్చింది పన్ను గుమాస్తా. 1750లో యోంగ్‌జో రాజు సైనిక పన్నును మనిషికి రెండు చుట్టల గుడ్డ నుంచి ఒకటికి తగ్గించినప్పుడు, ఆ ఒక్క చుట్టకు బదులు రెండు న్యాంగ్‌ల నాణేలు (నాణేల లెక్కలో న్యాంగ్ అంటే వంద మున్‌లు) కట్టే పద్ధతి అప్పటికే స్థిరపడింది. సంతకు ఎన్నడూ వెళ్లని కొండ ఊరి మనిషికి కూడా నాణెం అవసరమైంది.

పొలంగట్టు:

అవసరమైంది సరే, ఆ అవసరం రైతుకు మేలు చేసిందా? నాకు ఈ చర్చలో ఇక్కడే బాధగా ఉంది.

1697 తర్వాత దాదాపు ముప్పై ఏళ్లకు పైగా రాజ్యం కొత్త నాణేలు పోయలేదు. పన్నులు, అప్పులు, కొనుగోళ్లు నాణేల్లోకి మారుతున్నాయి, నాణేలు మాత్రం పెరగడం లేదు. పైగా ధనికులు, కార్యాలయాలు వాటిని కట్టలు కట్టి దాచుకున్నారు. దానితో నాణేల కరవు వచ్చింది. దాని భారమంతా ఎవరి మీద పడిందో చూడండి. వసంతంలో తిండి గింజలు అయిపోయినప్పుడు రైతు నాణేలు అప్పు తెస్తాడు. అప్పుడు బియ్యం ధర ఎక్కువ, కాబట్టి ఆ నాణేలకు కొద్ది బియ్యమే వస్తుంది. కోతల తర్వాత బియ్యం ధర పడిపోతుంది. అప్పు తీర్చాలన్నా పన్ను కట్టాలన్నా అదే సమయం. అన్ని నాణేలు సంపాదించాలంటే తాను తిన్నదానికి ఎన్నో రెట్లు ధాన్యం అమ్ముకోవాలి, ఆపైన వడ్డీ. మన పల్లెల్లో కోత కాలంలో ధాన్యం అమ్ముకున్న ఏ రైతుకైనా ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

అందుకే యీ ఇక్ అనే పండితుడు నాణేలను పూర్తిగా రద్దు చేయాలని రాశాడు. ఈ రోజు చదివితే వెనకబాటు అనిపించవచ్చు. ఆయన మాత్రం ఊళ్లో కూర్చుని, అప్పుల్లో మునిగిన ఇళ్లను కళ్లారా చూసి రాశాడు. నేను ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయను.

యోంగ్‌జోకు కూడా నాణేలంటే అయిష్టమే. వాటిని ఆపాలని చూశాడు కూడా. గుడ్డకు తిరిగి వెళ్దామంటే జనానికి ఇంకా కష్టమైంది. ఆఖరికి 1731లో కరవు సహాయం కోసం మళ్లీ నాణేలు పోయించక తప్పలేదు.

నాణేలసంచి:

మళ్లీ రాగి దగ్గరికే వచ్చాం, గమనించండి. ముప్పై ఏళ్లు ఎందుకు పోయలేదు? నాణేల ధర పడిపోతుందన్న భయం ఒకటి. రెండోది, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో జపాన్ తన రాగి ఎగుమతులను కట్టడి చేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి కాలంలో హామ్‌గ్యోంగ్‌లోని గాప్‌సాన్ రాగి గనులను పెద్దఎత్తున తవ్వాకే కొరియాకు ఊపిరి ఆడింది.

నా దగ్గర రెండు సాంగ్‌ప్యోంగ్ తోంగ్‌బో నాణేలున్నాయి. గుండ్రంగా, మధ్యలో చతురస్రపు రంధ్రంతో ఉంటాయి. వెనక వైపు ఏ కార్యాలయం పోసిందో తెలిపే అక్షరం. రెండూ ఒకే విలువ నాణేలైనా బరువులో తేడా చేతికే తెలుస్తుంది. అన్ని కార్యాలయాలకు టంకశాల హక్కు ఇస్తే ఇలాగే అవుతుంది. ప్రతివాడూ తన లాభం కోసం కాస్త రాగి తగ్గిస్తాడు.

చరిత్రదాహం:

చర్చ నేను ఊహించిన దానికంటే ఎంతో లోతుకు వెళ్లింది. ఇంకో సందేహం. 1866 నాటి డాంగ్‌బెక్‌జోన్ సంగతి ఏమిటి? ఒక నాణేనికి వంద నాణేల విలువ అని ముద్ర వేశారట. రాజ్యం తీసుకుంటే చాలు నాణెం చెల్లుతుందంటే, అది ఎందుకు చెల్లలేదు?

కోటబురుజు:

దీని గురించి మాట్లాడే ముందు డేవన్‌గున్‌ను సరిగా అర్థం చేసుకోవాలని నా విన్నపం. 1863లో కొడుకు గోజోంగ్ పన్నెండేళ్లకు సింహాసనం ఎక్కాడు. తండ్రిగా పాలన నడిపిన డేవన్‌గున్ చేతికి వచ్చింది రాజుల అత్తింటి వంశాలు దోచుకున్న రాజ్యం. అంతకు ముందు ఏడాదే దక్షిణాన రైతులు తిరగబడ్డారు. ఆయన ఏం చేశాడో చూడండి. పన్నులు ఎగ్గొడుతూ ఊళ్లను పీడించిన కన్‌ఫ్యూషియన్ విద్యాలయాలను వందల్లో మూయించి 47 మాత్రమే మిగిల్చాడు. సైనిక పన్ను అప్పటిదాకా కులీనులకు లేదు, 1871లో వాళ్ల ఇళ్ల మీద కూడా వేయించాడు. ధాన్యపు అప్పుల అవినీతి ఆపడానికి ఊరి పెద్దల చేతికి గాదెలు ఇచ్చాడు.

1866లో ఫ్రెంచి నౌకలు గాంగ్‌హ్వా దీవి మీద దాడి చేశాయి. ఫిరంగులు కావాలి, సైనికులకు జీతాలు కావాలి. జపాన్ దండయాత్ర కాలం నుంచి, అంటే 1592 నుంచి, బూడిదగా పడి ఉన్న గ్యోంగ్‌బోక్ ప్రాసాదాన్ని తిరిగి కట్టి రాజరికపు గౌరవం నిలబెట్టాలి. ఖజానాలో డబ్బు లేదు. వేరే దారేది?

లెక్కలమాస్టారు:

కులీనుల మీద పన్ను, విద్యాలయాల మూసివేత విషయంలో నేను ఆయనకు మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను. అందుకే నాణెం విషయంలో మరింత కోపం వస్తుంది.

ఎడమ మంత్రి కిమ్ బ్యోంగ్-హాక్ సూచన మీద 1866 చివర్లో డాంగ్‌బెక్‌జోన్ పోత మొదలైంది. ముఖ విలువ వంద. లోహం మాత్రం మామూలు నాణేనికి ఐదారు రెట్లే. దాదాపు ఆరు నెలల్లో 1 కోటి 60 లక్షల న్యాంగ్‌ల విలువ గలవి పోశారు. వంద కింద చెల్లించి ఆరు విలువ ఇవ్వడమంటే, మిగిలిన తొంభై నాలుగు ఎవరి జేబులోంచి వచ్చినట్టు? పనివాడి కూలి నుంచి, బియ్యం అమ్మిన రైతు నుంచి. జనం మంచి పాత నాణేలు దాచేశారు, దొంగ నాణేలు పోసేవారు పెరిగారు. ఏడాది రెండేళ్లలో ఒక సోమ్ (బస్తా) బియ్యం ధర ఏడెనిమిది న్యాంగ్‌ల నుంచి నలభై నాలుగు, నలభై ఐదుకు ఎగబాకింది.

చరిత్రదాహం గారి ప్రశ్నకు సమాధానం పన్ను వసూళ్ల దగ్గరే దొరుకుతుంది. ఊళ్లలో అధికారులు పన్నులు మంచి సాంగ్‌ప్యోంగ్ తోంగ్‌బోలో వసూలు చేసి, రాజధానికి డాంగ్‌బెక్‌జోన్‌లో కట్టేవారు. తేడా వాళ్లకే మిగిలేది. వంద అని ముద్ర ఉన్నంత మాత్రాన పన్ను కట్టే మనిషి చేతిలో అది వంద కాలేదు. సెజోంగ్ నాణేనికీ దీనికీ నాకు కనిపించే పోలిక అదే.

పొలంగట్టు:

దీనికి తోడు ప్రాసాదం కోసం ‘స్వచ్ఛంద’ చందాలు జబర్దస్తీగా వసూలు చేశారు. రాజధాని నగర ద్వారాల దగ్గర సుంకం వేశారు. కట్టెలు మోసుకుని ఊళ్లోకి వచ్చే మనిషి కూడా కట్టాల్సిందే.

1868లో చ్వే ఇక్‌హ్యోన్ అనే అధికారి నేరుగా రాజుకు అర్జీ రాశాడు. నిర్మాణం ఆపండి, ద్వార సుంకం తీసేయండి, డాంగ్‌బెక్‌జోన్ రద్దు చేయండి అన్నాడు. ఆ రోజుల్లో డేవన్‌గున్‌కు ఎదురు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! పోత 1867లోనే ఆగింది, చలామణి 1868లో ముగిసింది. 1873లో ఆయన మళ్లీ రాసిన అర్జీలు డేవన్‌గున్ అధికారం ముగియడానికి దారితీశాయి.

కోటబురుజు:

చ్వే ఇక్‌హ్యోన్ ధైర్యాన్ని నేనూ గౌరవిస్తాను. అయితే అదే మనిషి మూసేసిన విద్యాలయాలను తిరిగి తెరవాలని కూడా కోరాడని మరవకూడదు. ఆయన అర్జీల్లో పేదవాడి బాధ ఉంది, కులీనుల పక్షం కూడా ఉంది.

సరే, డాంగ్‌బెక్‌జోన్ పోయాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1867 నుంచి చైనా నాణేలను దిగుమతి చేసి వాడారు. అవి లోహపు విలువలో జోసన్ నాణేనికి సగం కూడా ఉండవు, చెల్లుబాటు మాత్రం సమానంగా. 1874 ఆరంభంలో గోజోంగ్ స్వయంగా పాలన చేపట్టగానే ఒక్క ఆజ్ఞతో వాటిని రద్దు చేశాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఖజానాలో ఉన్న సొమ్ములో అత్యధికం ఆ చైనా నాణేలే! రాజ్యం తన డబ్బును తానే చెల్లకుండా చేసుకుంది. తండ్రి చేసిన పొరపాటు కంటే ఇది చిన్నదని నేను అనుకోను. తర్వాతి సంవత్సరాల్లో సైనికులకు జీతాలు ఇవ్వలేకపోయారు. 1882లో పదమూడు నెలల బకాయి తర్వాత ఇచ్చిన ఒక నెల బియ్యంలో ఊక, ఇసుక కలిసి ఉండడంతో సైనికులు తిరగబడ్డారు.

కొత్తసభ్యుడు:

నమస్కారం, ఇది నా మొదటి సందేశం. ఇదంతా చదువుతుంటే ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఇత్తడి, రాగి నాణేలు గుర్తొచ్చాయి. రెండూ ఒకటే కథ కాదా?

లెక్కలమాస్టారు:

స్వాగతం అండీ. దొంగ నాణేల విషయంలో పోలిక ఉంది. ముగింపులో లేదు. తుగ్లక్ తన నాణేలను వెనక్కి తీసుకుని ఖజానా నుంచి వెండి, బంగారం ఇప్పించాడు. నష్టం ఖజానా మోసింది. జోసన్‌లో ఎక్కువ నష్టం నాణెం చేతిలో ఉన్నవాడు మోశాడు.

నిర్వాహకుడు:

చర్చ చాలా బాగా సాగుతోంది. తుగ్లక్ గురించి ఇంకా రాయాలనుకునేవారు దయచేసి వేరే శీర్షిక ప్రారంభించండి. ఇక్కడ కొరియాకే పరిమితం అవుదాం.

చరిత్రదాహం:

చివరి ప్రశ్న. సాంగ్‌ప్యోంగ్ తోంగ్‌బో ఎలా ముగిసింది?

సువోన్‌వాసి:

1883లో ఐదు మున్‌ల విలువ గల డాంగోజోన్ పోశారు, మళ్లీ ధరలు పెరిగాయి. ఆ ఏడాదే ప్రత్యేక టంకశాల ఏర్పాటైంది. 1894 సంస్కరణల్లో ఒక గొప్ప పని జరిగింది. పన్నులన్నీ ఇక డబ్బులోనే కట్టాలన్నారు, వెండి ప్రమాణంగా కొత్త నాణేల చట్టం తెచ్చారు. మాస్టారు మొదటి నుంచీ చెబుతున్నది అప్పటికి పూర్తయింది. కానీ వెండి నాణేలు సరిపడా పోయలేదు. తేలికగా లాభం వచ్చే నికెల్ నాణేలను మాత్రం లెక్కలేనన్ని పోశారు. వాటి ముఖ విలువ రెండు జోన్ల ఐదు పున్‌లు, అంటే పావు న్యాంగ్. జపాన్‌లో దొంగగా తయారైనవి కూడా ఓడల్లో వచ్చి పడ్డాయి.

1905లో జపాన్ పంపిన ఆర్థిక సలహాదారు మెగాటా తానెతారో ఈ నికెల్ నాణేలను మార్పిడి చేశాడు. నాణ్యమైనవి అయితే కొత్త డబ్బులో రెండున్నర జోన్లు. కాస్త తక్కువైతే ఒక జోన్. మూడో రకమైతే ఏమీ ఇవ్వరు. ఏది ఏ రకమో నిర్ణయించేది మార్పిడి కౌంటర్లో కూర్చున్నవాడు. ఆ మార్పిడి నడిపింది జపాన్ దాయీచీ బ్యాంకు, 1902 నుంచే కొరియాలో తన నోట్లు చలామణి చేస్తున్న బ్యాంకు. సంగతి ముందే తెలిసిన జపాన్ వర్తకులు సర్దుకున్నారు. కొరియా వర్తకులు ఒకరికొకరు రాసుకున్న హామీ చీటీల మీద వ్యాపారం నడిపేవారు. చేతిలో నాణేలు అకస్మాత్తుగా సగానికి పడిపోవడంతో ఆ చీటీలు చెల్లించలేకపోయారు. సియోల్ బజారులో దుకాణాలు మూతపడ్డాయి, వర్తకులు గోజోంగ్‌కు మొరపెట్టుకున్నారు.

పాత రంధ్రపు నాణేలు మాత్రం ఒక్కసారిగా పోలేదు. వాటిలో రాగి ఉంది కాబట్టి నికెల్ నాణేల్లా కొట్టిపారేయలేకపోయారు. దక్షిణ ప్రాంతాల రైతులు నికెల్ నాణేలను మొదటి నుంచీ నమ్మలేదు, పాతవే వాడారు. వాటిని నెమ్మదిగా, ఏళ్ల తరబడి పన్నుల రూపంలో పుచ్చుకుంటూ ఉపసంహరించారు.

లెక్కలమాస్టారు:

దక్షిణాన నికెల్ నాణెం చొరబడలేదన్న మాట చాలా ముఖ్యం. ఆ ప్రాంతాలు ఎక్కువ బియ్యం పండించేవి, ఎక్కువ పన్ను కట్టేవి. రేపు వీలు చూసుకుని దాని గురించి విడిగా రాస్తాను.

నాణేలసంచి:

రాయండి మాస్టారూ. ఆ ప్రాంతపు నాణేల్లో రాగి ఎంత ఉండేదో నేను చూసి పెడతాను.